మూత కింద చెమ్మ

మిసావో అక్క హోటల్లో తొమ్మిది మందికే చోటు. స్కీ సీజన్లో పదో మనిషి వస్తే బయట మంచులో నిలబడాల్సిందే, వాడు మంత్రయినా సరే. కోపం ఆవిడ ముక్కు మీదే ఉంటుంది. చెప్పులు వంకరగా విడిచినా తిడుతుంది, అన్నం మిగిల్చినా తిడుతుంది. అయినా స్కీకి వచ్చినవాళ్లు పెద్ద హోటళ్లు వదిలేసి, కాళ్లీడ్చుకుంటూ ఆ తిట్లు తినడానికే వస్తారు. పంది మాంసం, ముల్లంగి, పులియబెట్టిన సోయా ముద్ద వేసి ఆవిడ కాచే మిసో చారు అలాంటిది. నేను కొండ మీద, స్కీలో తప్పిపోయినవాళ్లను వెతికే రక్షణ దళంలో పని చేస్తాను. పెళ్లాం పోయాక నా రాత్రి భోజనం కూడా అక్కడే.

ఆవిడకూ ఒక మొగుడుండేవాడు. పేరు షిన్‌సాకు. మంచు పడగానే మా మగాళ్లు పట్నం పోయి కూలి చేసుకోవడం, మంచు కరిగాక నాట్లకు తిరిగి రావడం అప్పట్లో మామూలే. పెళ్లయిన నాలుగో ఏడు షిన్‌సాకు టోక్యోలో సొరంగం పనికి వెళ్లాడు. నాట్లు అయిపోయాయి, కోతలు కూడా అయిపోయాయి, మనిషి రాలేదు. పని మానేసి ఎటో వెళ్లాడని మేస్త్రీ అన్నాడు. ఎటు వెళ్లాడో దేవుడికే తెలియాలి. నలభై ఏళ్లకు దగ్గరవుతోంది.

దూరం వెళ్లినవాడు ఆకలితో ఉండకూడదని మా వైపు వాడి పేరున ఇంట్లో పళ్లెం పెడతారు. అన్నం, చారు, ఊరవేసిన ముల్లంగి. చారు గిన్నె మీద మూత ఉంటుంది. కాసేపాగి తీసి చూస్తే మూత లోపల చెమ్మ బొట్లు పట్టి ఉండాలి. పడితే మనిషి క్షేమం. మిసావో అక్క రోజూ హోటల్ తెరిచే ముందు వెనక గదిలో షిన్‌సాకుకు పళ్లెం పెట్టేది. రోజూ చెమ్మ పట్టేది. పట్టక చస్తుందా? పొయ్యి మీంచి దించిన చారు మీద చల్లటి మూత బోర్లిస్తే ఎవరికైనా పడుతుంది. ఈ సంగతి ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆవిడకు చెప్పే మొనగాడే లేడు. ఆ చెమ్మ చూసుకునే ఆవిడ హోటల్ తెరిచేది, ఇంకెవరి కోసం బతకాలి?

యోకొహామా నుంచి నగాసె గారనే ఆవిడ, కొడుకు ర్యోహెయ్ ఏటా నాలుగు రోజులు స్కీకి వచ్చేవారు. సాయంత్రమైతే మిసావో అక్క దగ్గరే భోజనం. ఈ ఏడు వచ్చిన రోజు కుర్రాడు మంచి హుషారుగా ఉన్నాడు. కొత్తగా ఉద్యోగమొచ్చింది.

"పెద్దమ్మా, ఈసారైనా నాకు పెద్ద చేప వేస్తావా?"

"జీతం తెచ్చుకుంటున్నావుగా. డబ్బున్నవాళ్లకి తోక ముక్కే" అంది అక్క, ఉన్నవాటిలో పెద్దది అతని ముందు పెడుతూ.

"ఆఫీసులో నాలుగు మెతుకులు కూడా తినడండీ. ఇక్కడికొస్తే మూడు గిన్నెలు లాగిస్తాడు" అని తల్లి మురిసిపోయింది.

అతను నా వైపు తిరిగాడు. "ఇవావో బాబాయ్, మీరు కట్టిన హద్దు తాడు అవతల మంచు బాగుందంటున్నారు, నిజమేనా?"

"తాడు దాటావంటే కాళ్లు విరగ్గొడతా."

నవ్వాడు. ఆ నవ్వు చూసే నాకు తెలియాల్సింది. తాడు కట్టేది మా సరదాకు అనుకుంటారు వీళ్లు.

మర్నాడు పొద్దున, మధ్యాహ్నానికి వచ్చేస్తానని తల్లికి చెప్పి వెళ్లాడు. రాలేదు. స్కీ జాడలు తాడు దగ్గర దొరికాయి, ఆపైన మంచు వాటిని కప్పేసింది. మంచుగాలి ఎంత లేచిందంటే పక్కవాడు కనపడలేదు. చీకటి పడకముందే గాలింపు ఆపేయమన్నారు. నేను హోటల్‌కి వచ్చేసరికి నగాసె గారు తన కుర్చీలోనే కూర్చుని ఉన్నారు, కోటు కూడా విప్పకుండా.

"ఇద్దరికి భోజనం చెప్పాం కదండీ, అందుకని వచ్చాను" అన్నారు ఆవిడ.

మిసావో అక్క వెనక గదిలోకి వెళ్లి షిన్‌సాకు గిన్నె తెచ్చింది. ఇంట్లో మూతున్న గిన్నె అదొక్కటే. నలభై ఏళ్లలో దాన్ని ఇంకొకరి ముందు పెట్టడం నేను చూడలేదు. ర్యోహెయ్ కుర్చీ ముందు పళ్లెం పెట్టి, చారు పోసి, మూత వేసి, చేతులు జోడించింది. తర్వాత మూత తీసి తల్లికి చూపించింది.

"చూడమ్మా, ఎంత దండిగా పట్టిందో. బాబు ఎక్కడో ఒకచోట క్షేమంగా ఉన్నాడు. మా ఆయన విషయంలో ఇది ఒక్కరోజు తప్పలేదు."

నగాసె గారు ఆ మూతను రెండు చేతుల్లోకీ తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత అన్నం తిన్నారు. భర్తకు ఫోన్ చేసి, ఏ గుడిసెలోనో తలదాచుకుని ఉంటాడు, గాలి తగ్గాకే బయల్దేరండి అని చెప్పారు.

రెండో రోజూ గాలి తగ్గలేదు, మళ్లీ అదే పళ్లెం, అదే చెమ్మ. నేను పొయ్యి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి అన్నాను.

"అక్కా, ఇంక ఆపు. ఆవిడకు ఆశ పెట్టకు."

"నువ్వు కొండ మీద చూశావా బాబుని?"

"లేదు."

"నేను మూతలో చూశాను. అడ్డం లే, చారు పొంగుతోంది."

మూడో రోజు తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. కుర్రాడు దొరికిన చోటు తాడుకు ఎంతో దూరం కూడా లేదు. చెట్టు మొదట్లో మెత్తటి మంచు గోతిలో తలకిందులుగా పడి ఉన్నాడు, ఒక స్కీ చివర మాత్రం పైకి కనపడుతోంది. వెళ్లిన రోజు పొద్దునే, పడిన కాసేపటికే ఊపిరాగిపోయిందని డాక్టర్ అన్నాడు. ఆ మాట తల్లికి చెప్పడం నా పాలబడింది. ఇలాంటివి చాలామందికి చెప్పాను.

మధ్యాహ్నం శవాన్ని తీసుకుని వెళ్లిపోయే ముందు నగాసె గారు హోటల్‌కి వచ్చారు. నడుము వంచి దణ్ణం పెట్టారు.

"మీ మూత వల్లే నాకు ఈ రెండు రోజులూ ముద్ద దిగింది. రుణపడి ఉంటాను" అన్నారు.

అందులో ఎత్తిపొడుపు లేదు. తిట్టి పోయినా బాగుండేది. కారు వెళ్లిపోయాక మిసావో అక్క కుర్చీలో కూలబడింది.

"ఇవావో, బాబు పోయింది మొదటి రోజు పొద్దునే అన్నావా?"

"అవునక్కా."

"నేను మూత తీసింది సాయంత్రం."

"అవును."

"చెమ్మ ఉంది. నువ్వూ చూశావు."

అబద్ధం కోసం వెతికాను, దొరకలేదు.

"చారు వేడిగా ఉందక్కా" అన్నాను.

ఊరంతా ఆవిడ ముందు మింగేసిన మాట అది. ఆవిడ ఏడవలేదు. గిన్నె తీసి కడిగి, తుడిచి, మూత పక్కన విడిగా పెట్టింది. సాయంత్రం స్కీవాళ్లు బూట్లు దులుపుకుంటూ వచ్చారు. తొమ్మిది మందికీ వడ్డించింది. ఒకడు అన్నం సగం వదిలేశాడు, వాణ్ణి కూడా ఏమీ అనలేదు. నాకు అప్పుడు భయమేసింది.

మర్నాడు పొద్దున గుడి దాకా దింపమంది. వెనక గదిలో పళ్లెం లేదు. పోయినవాళ్లకు గుడిలో కొత్త పేరు పెట్టించి చెక్క పలక మీద రాయిస్తాం. షిన్‌సాకుకు అది రాయించాలని గురువుగారిని అడిగింది. ఆయనకు కథంతా తెలుసు. కుంచె తీసుకున్నారు.

"పోయిన తిథి తెలియదు కదమ్మా. ఇల్లు వదిలి వెళ్లిన ఏడాది వేద్దామా?"

"వద్దండీ" అంది మిసావో అక్క. "నిన్నటిది రాయండి. నిన్న మధ్యాహ్నం దాకా బతికే ఉన్నాడు."