మా ఇంటి బంతిలో తిరగబడ్డ ప్లేట్లు

నా గృహప్రవేశం రోజున మొదటి బంతిలో కూర్చున్నవాళ్లు ఒక్క ముద్దయినా నోట పెట్టకుండా లేచిపోయారు. వంట బాగాలేక కాదు. తప్పు నాది. వాళ్లను అలా తయారు చేసిందీ నేనే. కాస్త ఓపిక పట్టండి, చెబుతాను.

ఇల్లందు బస్టాండు దగ్గర నాకు మోదుగాకు విస్తళ్ల దుకాణం ఉంది. అడవి పల్లెల ఆడవాళ్లు లేతాకు ముట్టకుండా ముదురాకే తెంపి, వెదురు పుల్లలతో కుట్టి పంపుతారు. దుకాణం పెట్టిన కొత్తలో నా మాట వినేవాడే లేడు. మెస్ నడిపే రామస్వామి కాక, "గిప్పుడు ఆకుల్ల ఎవరు తింటర్రా? తెల్ల ప్లేట్లు అమ్ముకో, బతుకుతవ్" అని రోజూ నవ్వేవాడు.

నేను వదల్లేదు. కనబడ్డవాడికల్లా విస్తరి తిరగేసి చూపించేవాణ్ని. "కాకా, ఎనక పుల్లకుట్టు కనబడాలె. లేకుంటే అండ్ల తినకు." చెట్టు బతికితేనే వచ్చే ఏడు ఆకు ఉంటుందని పైన ఉపన్యాసం. నన్ను చూసి జనం సందు మార్చేవారు.

ఏళ్లు గడిచేకొద్దీ ఊరే మారింది. ముందు ఒక పెళ్లి, తర్వాత పది పెళ్లిళ్లు, చివరికి కాక మెస్సులోనూ ఆకే. వానలకు సరుకు రాకపోతే "ఆకు ఎండనియ్యి, ఆగుతం" అనేదాకా వచ్చారు. నా చొక్కాకు గుండీలు నిలిచేవి కావు.

ఆ ఉబ్బులో పెళ్లిళ్ల సీజనంతా అడిగినవాళ్లకల్లా కట్టలు పంచేశాను. గృహప్రవేశం నాడు పొద్దున్నే మా ఆవిడ సుజాత అడిగింది.

"ఇస్తరాకులేవి?"

"దుకాణంల ఉన్నయ్ గదా."

"చూసొచ్చిన. కట్టిన తాళ్లున్నయ్, కట్టలు లేవు."

పరుగున పోయి వెండి రంగు కాగితం ప్లేట్లు తెచ్చాను. ఒక్క పూటకు ఎవరు చూస్తారులే అనుకున్నాను. పులిహోర వడ్డన మొదలైంది. రామస్వామి కాక ప్లేటు ఎత్తి కింద చూశాడు. పక్కాయనా చూశాడు. చూస్తుండగానే బంతి బంతంతా ప్లేట్లెత్తింది. ఒకాయనైతే అలవాటు కొద్దీ పులిహోరతో సహా తిరగేశాడు.

"ఎంకన్నా, కుట్టు ఏది?" అన్నాడు కాక.

"ఈ ఒక్కపూటకే కాకా."

"కుట్టు లేకుంటే తినొద్దన్నది నువ్వే గదా" అంటూ లేచాడు. వెనకే అందరూ లేచారు.

ఇన్నేళ్ల దుకాణం పేరు ఒక్క పూటలో మునిగిందనుకున్నాను. సుజాత నా వైపు చూడలేదు. అదే నయం.

కాసేపటికి కాక బండి మీద తిరిగొచ్చాడు. వెనక మెస్సులోని కట్టలు. "గివి నువ్వమ్మినయే. కూసోండ్రి అందరు" అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను కానీ, నా మాట నాకే అప్పజెప్పే ఊరిని చూసి లోపల పొంగిపోయాను. నన్నెవరూ అంత గొప్పగా అవమానించలేదు.

ఆఖరి బంతిలో నా వంతు వచ్చేసరికి ఆకులైపోయాయి. సుజాత వెండి రంగు ప్లేటు నా ముందు పెట్టి, "మీరు తెచ్చినయే, తినుండ్రి" అంది. వచ్చినవాళ్లంతా చుట్టూ నిలబడి చూస్తుంటే తిన్నాను.

అందుకే మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై భద్రాద్రి రాముడి కల్యాణానికే విస్తళ్లడిగినా సరే, ముందు కట్ట మా వంటింట్లోకి పోయాకే స్వామికి.