గొళ్లెం లేని తలుపుకు కొత్త కొక్కెం

కొక్కెం చేతులు మారి మళ్లీ నా దగ్గరికి వచ్చేసరికి దాని అడుగున ఉన్న సన్నటి చీలిక ఖాళీగా ఉంది. ఎస్సై దాన్ని కర్చీఫుతో పట్టుకుని కిటికీ వెలుతురుకు తిప్పి చూశాడు.

"ఇండ్ల మెమరీ కార్డుండాలె గద. ఏది?" అన్నాడు.

కోరుట్లలోని ఆ బట్టల దుకాణం రెండో అంతస్తులో, పట్టుచీరలు పరిచే గాజు బల్ల చుట్టూ ఆ క్షణాన ఐదుగురు విలేకరులం ఉన్నాం. ఆరో మనిషి దుకాణం యజమాని. అందరం ఒకరి చేతులు ఒకరం చూసుకున్నాం.

జవాబు చెప్పింది, ఆ కొక్కెం సంగతి కనిపెట్టిన ఆమె. అదే దుకాణంలో చీరలు చూపే పని ఆమెది. "ఉండె సార్. నా చేతిలున్నప్పుడు ఉండె. గోరంత నల్లబిళ్ల. తీసి సూసిన, మల్ల అండ్లనే వెట్టిన." తర్వాత నా వైపు తిరిగింది. "నీ చేతికే ఇచ్చిన గదా అన్నా."

నిజమే. నా చేతికే ఇచ్చింది.

ఆ దుకాణంలో పదకొండుమంది ఆడవాళ్లు పనిచేసేవారు. వాళ్లకూ, చీరలు కొనడానికి వచ్చేవాళ్లకూ కలిపి రెండో అంతస్తు వెనక ఒకటే బాత్రూమ్. దాని తలుపు గొళ్లెం ఏడాదిన్నర కింద ఊడిపోయింది. వేయించమని అడిగినప్పుడల్లా యజమాని "సూద్దాం" అనేవాడట. పెళ్లి చీరకు మెట్‌పల్లిలో దొరకని రంగును గంటలో తెప్పించగల మనిషి, ఒక గొళ్లేన్ని ఏడాదిన్నర పాటు చూస్తూనే ఉన్నాడు.

ఆడవాళ్లే ఒక పద్ధతి ఏర్పాటు చేసుకున్నారు. లోపలికి వెళ్లినవాళ్లు తలుపుకు నీళ్ల బకెట్ అడ్డం పెట్టుకుని, తలుపు పైన ఒక ఎర్ర జాకెట్ ముక్క వేలాడదీసేవారు. ఎర్ర ముక్క ఉంటే లోపల మనిషి ఉన్నట్టు. ఇంకొకరు బయట కాపలా. మధ్యాహ్నం గిరాకీ వేళల్లో కాపలాకు ఎవరూ దొరక్కపోతే, వెళ్లాల్సినవాళ్లు వెళ్లకుండా సాయంత్రం దాకా ఓర్చుకునేవారు. చాలామంది నీళ్లు తాగడమే మానేశారు.

ఇంకో పద్ధతి యజమానిది. పొద్దున రాగానే అందరి ఫోన్లూ క్యాష్ కౌంటర్ దగ్గరున్న ప్లాస్టిక్ బుట్టలో వేయించుకునేవాడు. పని వేళ ఫోన్ చూస్తే మర్యాదగా ఉండదని ఆయన అభిప్రాయం. మర్యాద విషయంలో ఆయన చాలా పట్టింపు గల మనిషి.

ఒక సోమవారం ఆ తలుపు లోపలి వైపు తెల్లటి ప్లాస్టిక్ కొక్కెం ఒకటి కనిపించింది. ఆడవాళ్లు సంతోషించారు. చేతిసంచి తగిలించుకోవడానికి అంతకుముందు ఒక మేకు కూడా లేదు. మా సేటుకు బుద్ధొచ్చింది, రేపో మాపో గొళ్లెం కూడా వస్తుందనుకున్నారు. తొమ్మిది రోజులు ఆమె తన సంచి దానికే తగిలించింది. పదో రోజు, ఇదే అదననుకుని, కౌంటర్ దగ్గర యజమానిని అడిగింది.

"సార్, హుక్కు వెట్టిచ్చిన్రు, సంబురమే. జర గా గొళ్లెం సుత వెట్టియ్యున్రి."

"ఏం హుక్కు? నేనేం వెట్టియ్యలే."

ఆమె అక్కడినుంచి నేరుగా మెట్లెక్కి వెళ్లి, దారం కత్తిరించే చిన్న కత్తెరతో కొక్కేన్ని పెకిలించింది. తల భాగంలో ఆవగింజంత రంధ్రం, అందులో కెమెరా కన్ను, చిన్న అద్దం ముక్క. అడుగున చీలిక, అందులో నల్లబిళ్ల. గొళ్లెం కొనని మనిషి కొక్కెం కొనడు. కేసులో దర్యాప్తు అని చెప్పుకోదగ్గది ఏదైనా జరిగి ఉంటే అది ఆ రెండు నిమిషాల్లో జరిగిందే.

యజమాని పైకి పరుగెత్తుకొచ్చాడు. ఆ తర్వాతి సంభాషణను మిగతా ఆడవాళ్లు నాకు ఒకరి తర్వాత ఒకరు అప్పజెప్పారు. ఒక్క మాట కూడా తేడా రాలేదు.

"ఇటియ్యమ్మా. దుకాన్ పేరు కరాబైతది. నేను సూసుకుంట."

"ఏడాదిన్నర సంది గొళ్లెం సూసుకుంటనే ఉన్నవ్ సార్. గిదైతె నేనే సూసుకుంట."

కొక్కేన్ని కొంగున ముడేసుకుంది. ఆమె ఫోన్ బుట్టలో ఉంది కాబట్టి, వేములవాడ నుంచి చీరలకని వచ్చిన ఒక పెద్దామె తన ఫోన్‌తో పోలీసులకు చెప్పింది. ఈ కబురు మా విలేకరుల వాట్సాప్ గ్రూపుకు ఎట్లా చేరిందో నేనడగలేదు. చేరింది. పోలీసుల కంటే ముందు మేము చేరాం. పసుపు రైతుల వార్త కోసం ఆ రోజు నేను జగిత్యాల నుంచి కోరుట్లకు వచ్చి ఉన్నాను.

ఆమె నన్ను గుర్తుపట్టింది. గొల్లపల్లి దగ్గర వాళ్ల ఊరి స్టేజీలో బస్సు ఆపడం లేదని రెండేళ్ల కింద నేను రాశాను. వార్త వచ్చాక బస్సు పదిరోజులు ఆగింది. మా వృత్తిలో దాన్ని విజయం అంటారు. ఆ పదిరోజుల నమ్మకంతో ఆమె కొంగు ముడి విప్పింది.

"నీ చేతికిస్తున్న అన్నా. ఎస్సై సార్ చేతిల తప్ప ఎవ్వల చేతిల వెట్టకు."

"వెట్టనమ్మా" అన్నాను.

జిల్లా పేజీల గురించి తెలియనివాళ్లకు ఇక్కడొక సంగతి చెప్పాలి. మా పేజీలో వస్తువు ఫొటో ఒక్కటే ఉంటే సరిపోదు. దాన్ని ఎవరో ఒకరు చూపిస్తూ ఉండాలి. రోడ్డు మీద గుంత అయితే పక్కన నిలబడి వేలు పెట్టి చూపాలి. పురుగుపట్టిన బియ్యమైతే దోసిట్లో పట్టాలి. వేలు లేని ఫొటోను డెస్కులో వెనక్కి పంపుతారు. ముప్పై ఏళ్లుగా నేను వేళ్లు పెట్టించి ఫొటోలు తీస్తున్నాను. పైగా ఐదుగురికీ ఒకే ఫొటో పనికిరాదు. ఎవరి పేజీకి వాళ్ల వేలు కావాలి.

"అన్నా, జరంత ఇటు, ఎలుతురుల వట్టు" అన్నాడొకడు. పట్టాను. "నీ చెయ్యి వణుకుతున్నది, నాకియ్యి" అన్నాడు ఇంకొకడు. ఇచ్చాను. ఆమెకిచ్చిన మాట ఒక టీ చల్లారేంత సేపైనా నిలవలేదు. ఐదు అరచేతులు తిరిగాక యజమాని ముందుకొచ్చాడు. అప్పటిదాకా దుకాణం పేరు రాయొద్దని బతిమాలిన మనిషి, ఇప్పుడు తానే కొక్కేన్ని పట్టుకుని వేలు పెట్టి చూపిస్తూ నిలబడ్డాడు. ఫొటోలో చెత్త కనబడకూడదని బల్ల కింద ఊడిపించాడు కూడా. ఊడ్చిన చెత్త వెనక సందులోకి వెళ్లింది. సందులోంచి అది మున్సిపాలిటీ బండి ఎక్కిందని తర్వాత తెలిసింది.

ఇక బాత్రూమ్ ఫొటో మిగిలింది. ఐదుగురం వరసగా ఫోన్లు పైకెత్తి ఆడవాళ్ల బాత్రూమ్‌లోకి నడిచాం. అందులో వింత ఉన్నట్టు మాలో ఒక్కరికీ తోచలేదు. ఆమె తలుపు పక్కన నిలబడి అంది:

"ఒక్కటి దొరికిందని నేనొర్రుతుంటె, ఐదు వట్టుకపోతున్రు లోపటికి."

ఆడవాళ్లంతా నవ్వారు. మేమూ నవ్వాం. ఎస్సై వచ్చింది అప్పుడే. యజమాని నుంచి మళ్లీ నా దగ్గరికి వచ్చిన కొక్కేన్ని గాజు బల్ల దగ్గర ఆయన చేతికిచ్చాను. చీలిక ఖాళీ అని తేలింది కూడా అప్పుడే.

"ఎవ్వల జేబుల్లనన్న వడ్డదా సూసుకోన్రి" అన్నాడు ఎస్సై. అందరం జేబులు తడుముకున్నాం. ఎవరి జేబు వాళ్లు. పక్కవాడి జేబు తడమడం మర్యాద కాదు కదా. నా జేబులో రెండు పెన్నులు, ఒక బస్సు టికెట్ దొరికాయి. పంచనామాలో 'కొక్కెం ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ వస్తువు ఒకటి' అని రాశారు. "కార్డు లేకుంటె గిది హుక్కే అయితది గదా అన్నా" అని ఎస్సై నాతో మెల్లగా అన్నాడు. ఆయన తప్పేం లేదు. బిళ్ల లేకుండా చూస్తే అది మంచి గట్టి కొక్కెమే.

ఆ సాయంత్రం నేను వార్తను బాధ్యతగా రాశాను. ఆమె పేరు రాయలేదు. 'గొల్లపల్లి మండలానికి చెందిన, కోరుట్లలోని ఓ బట్టల దుకాణంలో చీరల విభాగంలో పనిచేస్తున్న, ఏడో తరగతి చదివే కూతురున్న ముప్పై రెండేళ్ల మహిళ' అని రాసి, 'పేరు వెల్లడించడానికి ఇష్టపడలేదు' అని ముగించాను. ఇక ఆధార్ నంబరు ఒక్కటే తక్కువ. మర్నాడు పొద్దున బస్సులో టికెట్ కొట్టే ఆమె, "పేపర్ల పేరు చెప్పనిది నువ్వే గదనే" అని అడిగిందట. ఊళ్లో ముసలివాళ్లు, పనివాళ్లు, ఆసాములు అందరూ అడిగారట. వాళ్లందరి ప్రశ్నా ఒకటే. కార్డులో ఏముంది?

ఆమె ప్రశ్న కూడా అదే. తొమ్మిది రోజులు. తాను అందులో ఉందా, లేదా? ఉంటే అది ఎక్కడుంది? ఎవరు పెట్టారన్నది ఆమె నన్ను ఎన్నడూ అడగలేదు. పోలీసులు ముగ్గురిని పిలిచి, కూర్చోబెట్టి, పంపించారు. ఆ విషయం చెబితే "పోనీ" అంది. నెలకోసారి ఫోన్ చేసి కార్డు గురించే అడిగేది. నేను "కనుక్కుంట" అనేవాణ్ని. యజమాని "సూద్దాం" కంటే అది ఏ రకంగా మెరుగో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

రెండు నెలలకు జగిత్యాలలో ఒక సంఘం మహిళల గోప్యత మీద అవగాహన సదస్సు పెట్టింది. సాహసానికి సన్మానమని ఆమెను పిలిచారు. ఫంక్షన్ హాలు గేటుకు ఇంటి ఎత్తున ఫ్లెక్సీ. దాని మీద 'ఆమె గోప్యతను కాపాడుదాం' అన్న అక్షరాలు, వాటి పక్కన ఆమె నిలువెత్తు ఫొటో. బంధువుల పెళ్లిలో దిగిన ఫొటో ఎవరి వాట్సాప్ స్టేటస్‌లోంచో తీసుకున్నారు. ఆమె గేటు దగ్గరే ఆగిపోయింది. "గిది దించుతరా, నేను పోవాల్నా?" అంది. దించారు. పేపర్ ఫొటోకి వెనక ఫ్లెక్సీ కావాలని వేదిక మీద మళ్లీ కట్టబోతే, ఆమె ఊరుకోలేదు.

వేదిక మీద ఏడుగురు మగవాళ్లు, ఒక మేడం. హైదరాబాద్ నుంచి వచ్చిన నిపుణుడు తెరమీద బొమ్మలు చూపిస్తూ చెప్పాడు. బాత్రూమ్‌లోకి వెళ్లగానే లైటు ఆర్పి ఫోన్ టార్చితో మూలలన్నీ చూడాలి. వెనక కెమెరా దాచారేమో తెలియడానికి అద్దం మీద వేలు ఆనించి చూడాలి. ముందువరసలోంచి ఆమె లేచింది.

"మా ఫోన్లు పొద్దుగాలనే బుట్టల ఏయిచ్చుకుంటరు సార్. టార్చి ఏడికెల్లి తేవాలె?"

"మంచి ప్రశ్న" అన్నాడు నిపుణుడు.

"అద్దం సుత లేదు. గొళ్లెమే లేకపాయె, అద్దమేడిది?"

హాలంతా నవ్వింది. నిపుణుడు తర్వాతి బొమ్మకు వెళ్లాడు. ఆమెకు శాలువా కప్పారు. సన్మానం అయ్యాక ఆమె బాత్రూమ్ ఎక్కడని అడిగితే, తాళంచెవి వంటవాళ్ల దగ్గరుందని, వాళ్లు భోజనానికి వెళ్లారని చెప్పారు. ఈ సదస్సు వార్త కూడా నేనే రాశాను. తాళం సంగతి డెస్కులో తీసేశారు, స్థలాభావం.

ఆ తర్వాత ఆమె కోరుట్ల పని మానేసి సిరిసిల్లలో బట్టలు కుట్టే షెడ్డులో చేరింది. పోయిన నెల మరమగ్గాల వార్త కోసం సిరిసిల్ల వెళ్లినప్పుడు ఆమెను చూడ్డానికి ఆగాను. టీ విరామంలో గేటు దగ్గరికి వచ్చింది. కొంచెం చిక్కింది. మాటలో పదును మాత్రం తగ్గలేదు.

"ఇక్కడ గొళ్లెమున్నదా?" అన్నాను.

"ఉన్నదన్నా. మూడున్నయి. నేను చేరిన దినమే సూసిన. నా సంగతెర్కై మేనేజర్ సార్ మస్తు భద్రం జేసిండు. బాత్రూం తలుపుకెదురుంగ సీసీ కెమెరా వెట్టిచ్చిండు. ఎవ్వలెప్పుడు వోతున్రు, ఎంత సేపుంటున్రు, ఆఫీసుల టీవీల కానస్తది." నవ్వింది. వెంటనే ఆపేసి అడిగింది. "కార్డు?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఆనాడు మస్తు ఫోటోలు దిగిన్రు గద. ఉన్నయా?"

ఉన్నాయి. అందరం గ్రూపులో పెట్టుకున్నవే. ఫోన్ ఆమెకిచ్చాను. ఆరు ఫొటోలు. ఐదుగురు విలేకరుల అరచేతులు, యజమాని అరచేయి. ఆమె ఒక్కోదాన్ని వేళ్లతో పెద్దది చేసి, మెల్లగా కిందికీ పైకీ జరుపుతూ చూసింది. టీ చల్లారింది. మొదటి ఫొటోలో చెయ్యి నాదని ఆమెకు తెలుసు. దాని దగ్గరే ఎక్కువసేపు ఆగింది. బెల్లు మోగితే ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత నేనూ పెద్దవి చేసి చూశాను. ఆరు ఫొటోల్లోనూ కొక్కెం వెల్లకిలా ఉంది. ఆరు వేళ్లూ రంధ్రాన్నే చూపిస్తున్నాయి. చీలిక ఉన్న అడుగు వైపు ఒక్క ఫొటోలోనూ కనబడదు. బిళ్ల ఏ చేతిలో ఉండగా పోయిందో వాటిని బట్టి చెప్పడం కుదరదు. మొదటి చేతిలోనే పోలేదని కూడా చెప్పలేం. కొక్కెం కోరుట్ల స్టేషన్ బీరువాలో సీలు వేసిన కవరులో ఉంది. కార్డు ఇప్పటికీ దొరకలేదు.