బీరువా మీది అట్టపెట్టె

వకీలుగారి గుమాస్తాని అందరూ తాళాలాయన అనేవారు. ముప్ఫై ఏళ్లుగా సాయంత్రం ఆఫీసుకి తాళం వేయడం, మూడుసార్లు గుంజడం, మెట్లు దిగాక అనుమానమొచ్చి మళ్లీ ఎక్కి గుంజడం. అబ్బో, అంత జాగ్రత్త! ఇంకో గుణం, ఏదీ పారేయడు. ఖాళీ అట్టపెట్టెల్ని కూడా "రేపు పనికొస్తుంది" అంటూ బీరువా మీద పేర్చేవాడు.

వకీలుగారు ఆయన బల్లకి సరిగ్గా పైన కెమెరా పెట్టించారు. ఎక్కడున్నా ఫోనులో చూసుకోవచ్చు. బిగించినవాడు వెళ్తూ, "బాబాయ్, ఈ కెమెరా పెట్టె మీద చీటీలో కెమెరా నంబరుతోపాటు ఉన్నది కంపెనీ పాస్‌వర్డ్. ఇవాళే మార్చేయండి," అన్నాడు.

"తలుపుకి నా తాళం ఉండగా ఎవడొస్తాడోయ్?" అని నవ్వేశాడు తాళాలాయన. మార్చలేదు. పెట్టె బీరువా ఎక్కింది, చీటీ ఉన్నవైపు బయటికే.

కొన్నాళ్లకి ఒకమ్మాయి విడాకుల కేసు తెచ్చింది. మొగుడు విరగ్గొట్టిన చెయ్యి ఇంకా సరిగ్గా అతకలేదు. రాజీ మాటలకి పిలిస్తే ఆ మొగుడొచ్చి, బీరువాకి ఎదురుగా బెంచీ మీద గంటసేపు ఫోను పట్టుకుని కూర్చున్నాడు. తాళాలాయనే మంచినీళ్లిచ్చాడు. రాజీ కుదరలేదు. ఆ పిల్ల ఇల్లు మారి, కొత్త అడ్రసు ఇవ్వడానికి వచ్చింది.

"ఈ అడ్రసు ఎవరికీ చెప్పకండి బాబాయ్. తెలిస్తే చంపేస్తాడు."

"నా ప్రాణం పోయినా చెప్పనమ్మా," అన్నాడు. గుండ్రటి పెద్దక్షరాలతో రాసుకుని, కాగితం బీరువాలో పెట్టి, తాళం గుంజి చూపించాడు.

నాలుగోరోజు ఆమెని కత్తిపోట్లతో ఆస్పత్రిలో చేర్చారు. మొగుణ్ణి పట్టుకున్న పోలీసు, ఆ మొగుడి ఫోను తెచ్చి తాళాలాయనకి చూపించాడు. అందులో తన బల్ల, తన బట్టతల, తన దస్తూరీ! బీరువా మీది పెట్టె ఫొటో కూడా ఉంది.

"నువ్వు నోరు విప్పకు. తప్పు కెమెరా కంపెనీ మీదకి నెట్టేద్దాం," అన్నాడు వకీలు. ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్పించాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు!

తాళాలాయన మాత్రం నోరు మూసుకోలేకపోయాడు. ఆస్పత్రికెళ్లి పెట్టె సంగతి, పాస్‌వర్డ్ సంగతి అన్నీ చెప్పి, "నావల్లే తల్లీ," అని ఏడ్చాడు. ఆమె తిట్టలేదు. అదే ఆయనకి మరీ భరించరానిదైంది.

ఆ మొగుడు రేపో మాపో బెయిలు మీద వస్తాడు. ఆయన కళ్లు తుడుచుకుని, అలవాటుగా అడిగాడు. "ఇక్కణ్ణించి ఎక్కడికెళ్తావమ్మా?"

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

"మీకు చెప్పను బాబాయ్."