నేల కింద మూడు రోజులు

ఆ హాల్లో చెక్క నేల పరిచి పంతొమ్మిదేళ్లయింది. పరిచినవాడికి ఇప్పుడు అరవై దాటాయి. వీధిలో చిన్నాపెద్దా అందరికీ అతను వడ్రంగి బాబాయే. అటువైపు పనిపడితే చాలు, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లేవాడు. పలకల మీద నాలుగడుగులు వేసి, పెళ్లిచేసి పంపిన కూతురి క్షేమం కనుక్కున్నవాడిలా తృప్తిగా బయటికి వచ్చేవాడు.

ఆ నేల మీద రెండు క్లాసులు నడుస్తాయి. పొద్దున్నే చైనా వాళ్ల యుద్ధకళ. నేర్పేది రిటైరైన నర్సు. చెయ్యి ఎత్తడం మొదలుపెడితే అది భుజం దాకా వచ్చేసరికి ఎవరైనా కాఫీ తాగేసి రావచ్చు. అందుకే ఆవిడకి నిదానం టీచర్ అని పేరు పడిపోయింది. సాయంత్రం జపాన్ వాళ్ల కరాటే. నేర్పేది పోస్టాఫీసులో పనిచేసే సన్నపాటి మనిషి. పగలంతా కౌంటర్ వెనక గొంతు పెగలదు. సాయంత్రం తెల్లబట్టలు కట్టాడంటే ఆయన అరుపుకి కిటికీ అద్దాలు గలగలమంటాయి. ఆయన కేక మాస్టారు.

టీచరూ మాస్టారూ ఎదురుపడితే సగం నవ్వు నవ్వుకుని తప్పుకునేవారు. శిష్యులకి అంత మర్యాద లేదు.

"మీరు నేర్చుకునేది గాల్లో పిండి కలపడం!" అని సాయంత్రం వాళ్లు.

"మీకు ఇటుకల మీద ఏం పగ నాయనా?" అని పొద్దుటి వాళ్లు.

ఎవరి బలం గొప్పదన్నది ఏళ్ల తరబడి తేలని తగువు. అది చివరికి వడ్రంగి నెత్తిన పడింది.

హాలు నడిమధ్యన రెండు పలకలు కుంగాయి. ఒక సాయంత్రం కరాటే కుర్రాడి పాదం అందులో ఇరుక్కుని చీలమండ బెణికింది. హాలు యజమానురాలు తాళాలగుత్తి ఆడిస్తూ వడ్రంగిని పిలిపించింది.

"బాబాయ్, రెండు క్లాసుల్లో ఏదో ఒకటి నా నేల విరగ్గొడుతోంది. ఏదన్నది శనివారానికల్లా తేల్చి చెప్పు. దాన్ని పంపించేస్తాను. నువ్వు పరిచిన నేల, నీ మాటే తీర్పు. ఆ తర్వాత మేడమెట్లు కూడా నువ్వే చెయ్యాలి."

మేడమెట్లు! వడ్రంగి ఛాతీ బెత్తెడు పొంగింది. "నేను పరిచిన నేల దానంతటది కుంగదమ్మా. ఎవరో కుంగదీసుండాలి" అన్నాడు.

బుధవారం పొద్దున్నే ఒక గోనెపట్టా, టార్చీ పట్టుకుని హాలు పక్కనున్న చిన్న తలుపు తీసి, నేల కిందికి పాకాడు. అక్కడ మూరెడు ఎత్తు ఖాళీ ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే ముఖానికి జానెడు పైన దూలాలు, వాటి మీద పలకలు. పలకల సందుల్లోంచి పగటి వెలుగు సన్నని గీతలుగా కిందికి దిగుతోంది. ఆ గీతల్లో ధూళి మెల్లగా ఈదుతోంది. పాత టేకు వాసన. బయటి వీధి ఎక్కడో నీళ్లడుగున ఉన్నట్టుంది.

పడుకోబోతుంటే చిన్న తలుపులోంచి ఒక దిండు లోపలికి వచ్చింది. దాని వెనకే నిదానం టీచర్ ముఖం.

"అన్నయ్యా, నడుం కింద పెట్టుకోండి. ఏం చెప్పాలో నేను చెప్పను. ఒక్కటి మాత్రం వినండి. నా దగ్గరికొచ్చే వాళ్లంతా మోకాళ్ల నొప్పుల వాళ్లు. సిమెంటు నేల మీద ఒక్కరు కూడా నిలబడలేరు."

ఆమె వెళ్లాక పైన పాదాలు కదిలాయి. పలకల మీద ముందు బరువు కనిపించింది, చప్పుడు తర్వాత వచ్చింది. ఒక కాలిలోంచి ఇంకో కాలిలోకి బరువు చెంబు వంచితే నీళ్లలా పారుతోంది. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో పట్టుకుందామని వడ్రంగి చెవులు రిక్కించాడు. దొరకలేదు. కళ్లు మూతలు పడుతున్న వేళకి టీచర్ ఒక్కసారి పాదం ఎత్తి నేల మీద వేసింది. ధుమ్మని చిన్న చప్పుడు. అది దూలం పట్టుకుని గోడదాకా పాకి, గోడలోకి దిగి, తిరిగొచ్చి అతని వెన్నెముకని తాకింది. అంత లావు మనిషి కాదే, ఈ దెబ్బ ఎక్కడిది అనుకున్నాడు.

సాయంత్రం వేరే లోకం. పాదాలు గీతలు గీసినట్టు తిన్నగా జారేవి. సర్రున జారి, నడుం తిరిగిన చోట పలక కిర్రుమని, కేకతో పాటు టక్కున ఆగేవి. చప్పుడు పుట్టినచోటే చచ్చిపోయేది. మేకు మీద సుత్తి తలకాయ సరిగ్గా పడితే వచ్చే చప్పుడు అది.

క్లాసయ్యాక కేక మాస్టారు వంగి లోపలికి తొంగిచూశాడు. చేతిలో మంచినీళ్ల సీసా.

"బాబాయ్, మా గుద్దు అంగుళం ముందే ఆగిపోతుంది. ఇరవై ఏళ్లుగా నేను నేర్చుకుంది కొట్టడం కాదు, ఆపడం. అది నేలలోకి ఎందుకు దిగుతుంది?" గొంతు పోస్టాఫీసు గొంతే. "ఈ హాలు లేకపోతే నేను పొద్దస్తమానం స్టాంపులు అంటించుకునే మనిషినే."

గురువారమూ అంతే గడిచింది. ఇంటికి వెళ్తే ఒంటినిండా ధూళి. భార్య గుమ్మంలోనే ఆపి తువ్వాలుతో దులిపింది.

"నేల కింద పడుకుని ఎవరెవరి అడుగులో వినొస్తారు. వంటింట్లోంచి నేను పిలిస్తే మాత్రం చెవుడు."

"ఓయ్, అది సుత్తి, ఇది చిత్రిక" అన్నాడతను పరధ్యానంగా.

"ఏది?"

"పలకని చిత్రిక పట్టేటప్పుడు బలం చేతుల్లో ఉండదు. మడమ దగ్గర పుట్టి ఒళ్లంతా నడిచి వస్తుంది. పొద్దుటిది అలాంటిది. సాయంత్రానిది సుత్తి. ఒళ్లంతా వదులుగా ఉండి, తగిలే క్షణంలో బిగుసుకుంటుంది."

"అయితే నేల విరగ్గొట్టింది సుత్తా, చిత్రికా?"

"అది రేపు వినాలి."

శుక్రవారం పొద్దున అతను సరిగ్గా కుంగిన పలకల కిందికి జరిగాడు. అక్కడ వెలుగు గీత మిగతా వాటికన్నా వెడల్పుగా ఉంది. పైన ఎవరు నడిచినా అది ఊయలలా ఊగుతోంది. నిద్రా మెలకువా కాని స్థితిలో అలా చూస్తూ, ఊరికే చెయ్యి చాచి తడిమాడు. వేళ్లకి ఒక బద్ద తగిలింది. రెండు పలకల అతుకుని కింద నుంచి పట్టి ఉంచిన మూరెడు బద్ద. దానికి రెండు మేకులు, ఒకదాని వైపు ఒకటి వాలి ఉన్నాయి.

టార్చీ దగ్గరగా పట్టి చూశాడు. అలా ఎదురెదురుగా వాల్చి కొట్టేది తనొక్కడే.

అంతా గుర్తొచ్చింది. పని ఆఖరి మధ్యాహ్నం. ఒక నిడుపాటి పలక తక్కువైంది. రెండు పొట్టి ముక్కలు అతికాడు. అతుకు దూలం మీద పడాలి. జానెడు పక్కకి పడింది. కింద ఆధారం లేదు. అప్పటికి ఒక బద్ద కొట్టేసి, రేపొచ్చి మారుస్తాలే అనుకున్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

టార్చీ ఆర్పేసి చాలాసేపు కదలకుండా పడుకున్నాడు. పైన పాదాలు మబ్బుల్లా వెళ్తున్నాయి. బద్ద ఊడదీసి కొత్త దూలం ముక్క పెడితే మూడో కంటివాడికి తెలియదు. రెండు పేర్లలో ఏదో ఒకటి చెప్తే చాలు. తన పేరు నిలుస్తుంది, మేడమెట్లూ తనవే. ఆ మోకాళ్ల నొప్పుల వాళ్లో, పోస్టాఫీసు మనిషో మాత్రం వీధిలో పడతారు.

క్లాసయ్యాక అతుకు కింద ఇటుకలు పేర్చి, బద్ద ఊడదీశాడు. చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

"ఇదేంటండీ?" భార్య దాన్ని అటూ ఇటూ తిప్పింది. అతను చెప్పాడు. తల ఎత్తకుండా చెప్పాడు.

ఆమె బద్దని కొంగుతో తుడిచింది. "అంతమంది పంతొమ్మిదేళ్లు గెంతినా ఆగిందంటే ఇదీ సామాన్యురాలు కాదు" అంది. "కానీ పాపం, దాని ఉద్యోగం అయిపోయింది. రేపు పట్టుకెళ్లి ఓనరమ్మకి అప్పజెప్పండి."

"మేడమెట్లు..."

"మనింట్లో పీట కాలు ఊగుతోంది. ముందు అది చూద్దురుగాని."

శనివారం యజమానురాలు హాలు మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది. నిదానం టీచర్ ఒక గోడవైపు, కేక మాస్టారు ఇంకో గోడవైపు. వడ్రంగి ముందుకొచ్చాడు. మాటకి బదులు బద్దని యజమానురాలి చేతిలో పెట్టాడు.

"వాళ్ల బలం కాదమ్మా. నా బద్ధకం."

అతుకు సంగతి, రాని ఆ రేపటి సంగతి, అన్నీ చెప్పాడు. ఆమె తాళాలగుత్తి ఆడించడం ఆపింది.

"దానంతటది కుంగదన్నావు?"

"అన్నానమ్మా."

"క్లాసులు రెండూ ఉంటాయి. నేల బాగుచెయ్యి." లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "మెట్ల పని ఇంకొకరికి చెప్పుకుంటాను బాబాయ్. ఏమనుకోకు."

అతను తలూపాడు. తల కొట్టేసినట్టు ఉంది. అయినా మూడు రోజులుగా ముఖానికి జానెడు పైన వేలాడిన బరువేదో దిగింది.

మర్నాడు పలకలు ఊడదీస్తుంటే పిలవకుండానే ఇద్దరూ వచ్చారు. మాస్టారు సుత్తి అందుకుని మొదటి దెబ్బకే మేకు వంచేశాడు.

"చెయ్యి బిగించేశారు మాస్టారూ. మణికట్టు వదిలెయ్యండి. తగిలేటప్పుడే పట్టుకోండి."

"అయ్యో! నేను పిల్లలకి రోజూ అరిచి చెప్పేది ఇదే!"

టీచర్ పగలబడి నవ్వింది. ఆ నవ్వుతోనే చిత్రిక పట్టుకుని పలక మీద తోసింది. అది రెండంగుళాలు వెళ్లి మొరాయించింది.

"చేతులతో తోస్తున్నావమ్మా. మడమ దగ్గర మొదలెట్టు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఈసారి మాస్టారు నవ్వాడు. "మా కరాటే కూడా ఒకప్పుడు చైనా నుంచి పడవెక్కి వచ్చిందేనంటారు టీచర్‌గారూ. దారిలో సుత్తి ఎక్కడ దొరికిందో మరి."

"మీ కేక విని పడవవాడే ఇచ్చుంటాడు" అందావిడ.

మధ్యాహ్నానికి కొత్త నిడుపాటి పలక పడింది. రెండు కొసలూ దూలాల మీదే. వడ్రంగి ఆఖరి మేకు వాల్చి కొట్టాడు.

"ఇద్దరూ దీని మీద మీ పని చేసి చూపించండి. నేను కింద నుంచి వింటాను."

పాకి వెళ్లి, దిండు నడుం కింద సర్దుకున్నాడు. వెడల్పాటి వెలుగు గీత ఉండేచోట ఇప్పుడు చల్లని చీకటి. అరిచెయ్యి పలకకి ఆనించాడు. పైన సర్రున జారి ఒకటి టక్కున ఆగింది. దాని వెనకే ఇంకోటి మెల్లగా పారి వచ్చి, ధుమ్మని దిగి, గోడదాకా వెళ్లింది. పలక రెండింటినీ మోసింది. ఊగలేదు.

మరోసారి విందామని కళ్లు మూసుకున్నాడు.

"ఏమండీ!" ఎంతసేపటికో చిన్న తలుపు దగ్గర భార్య గొంతు. "వాళ్లిద్దరూ ఎప్పుడో వెళ్లిపోయారు. ఇంకా ఎవరి అడుగులు వింటున్నారు?"

"నీవే" అన్నాడు, కళ్లు తెరవకుండా.

"అయితే లేవండి. పీట ఎదురుచూస్తోంది."