రెక్కకు కట్టిన నల్లదారం

అప్పుడు మా బాబుకు ఎనిమిదో నెల. మావారు, స్నేహితుడు యాదగిరి కలిసి తుక్కుగూడలో ఒక షెడ్డు కిరాయికి తీసుకుని, విడిభాగాలు తెప్పించి ఇద్దరు కూర్చునే విమానం తయారుచేస్తున్నారు. ఆ రోజు రెక్కల వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలకలు బిగించారు. గాల్లో విమానం పక్కకు తిరిగేది వాటితోనే. వాళ్లు టీ తాగడానికి వెళ్లగానే, దిష్టి తగలకూడదని, బాబు కాలికి కట్టినట్టే కుడి పలక కీలుకు కిందివైపు నల్లదారం కట్టాను.

మావారు తిరిగొచ్చి లోపల కూర్చుని, పలకల్ని కదిపే స్టిక్‌ను అటూ ఇటూ వంచారు. కుడి పలక సగంలో ఆగిపోయింది.

"ఏందన్నా, ఇందాక మంచిగనే తిరిగింది గద" అన్నాడు యాదగిరి.

స్టిక్ దగ్గరి నుంచి ఒక్కో బోల్టూ విప్పి చూడసాగారు. నేను బాబును ఎత్తుకుని గంటసేపు అటూ ఇటూ తిరిగాను. చివరికి చెప్పేశాను.

యాదగిరి కీలులో ఇరుక్కున్న దారాన్ని పట్టకారుతో లాగాడు. "వదినా, గిది గాల్ల ఉన్నప్పుడు పట్టేస్తే ఇగ దిష్టి తీసుడు గూడ అక్కర లేకుండె."

మావారు నవ్వలేదు. చెయ్యి చాపి, "కట్టాలనుకుంటే నాకు కట్టు" అన్నారు.

వచ్చే నెల తొలిసారి ఎగురుతారట. రాత్రి మా ఇంటి మీదుగా దగ్గర్లోని ఎయిర్‌పోర్టుకు విమానం దిగుతున్నప్పుడల్లా మెలకువ వస్తుంది. ఆయన మణికట్టు తడిమి, దారం అక్కడే ఉందని చూసుకున్నాకే మళ్లీ పడుకుంటున్నాను.