కాక నిలబడ్డ వరుస

మొన్న బుధవారం పొద్దున సిరిసిల్లలో మరమగ్గాల, మా మాటలో సాంచాల, చప్పుడు మధ్య నా ఫోన్ మోగింది. అవతల కాక బిడ్డ. "అన్నా, నాయిన పోయిండు" అన్నది. వినబడలేదని చెప్పి, సాంచా బందు చేసి మళ్ళీ అడిగాను. నిజానికి మొదటిసారే వినబడింది. జగిత్యాల దవాఖానలో పెట్టారట, ఊపిరి ఆడలేదట. నేను కోరుట్ల బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో వాళ్ళ ఊరు చేరేసరికి పాడె సిద్ధంగా ఉంది.

కాక నాకు చుట్టం కాదు. వాళ్ళది జగిత్యాల వైపు ఇబ్రహీంపట్నం దగ్గర కల్లు గీతకు తాళ్ళెక్కే ఇల్లు, మాది సిరిసిల్లలో సాంచాలు నడుపుకునే ఇల్లు. గల్ఫ్‌లో ఒకే గదిలో ఉన్నాం, అంతే. అందరికంటే పెద్దవాడు కాబట్టి గదిలో అందరికీ కాకే. ఆయన గురించి మంచి మాటలే రాద్దామని కూర్చున్నాను గానీ, ఆయన వంట మాత్రం పొగడలేను. కారం వేసేటప్పుడు ఆ చేతికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. తిని కళ్ళు తుడుచుకుంటుంటే "ఏమైందిరా, ఇల్లు యాదికచ్చిందా?" అని అమాయకంగా అడిగేవాడు.

నేను ఆ గదికి వచ్చింది మంచి రోజుల్లో కాదు. జీతం ఇవ్వకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్న యజమాని నుంచి తప్పించుకుని వచ్చాను. అట్లా కాగితాలు లేకుండా బతికేవాణ్ణి మావాళ్ళు కల్లివెల్లి అంటారు. పనికి ఎవరైనా పిలుస్తారు, గదిలో చోటు మాత్రం ఎవరూ ఇవ్వరు. దొరికితే అందరికీ చుట్టుకుంటుందని భయం. కాక నన్ను కింది నుంచి పైదాకా చూసి, "తిన్నవా?" అన్నాడు. తినలేదన్నాను. ఆ తర్వాత నా చోటు గురించి గదిలో ఎవరూ చర్చ పెట్టలేదు.

అక్కడి పోలీసులు బజార్లో, బస్టాపుల్లో తనిఖీలు చేసేవారు. గుర్తింపు కార్డు, మేం పతాక అనేది, చూపించాలి. కాగితాలు లేనివాళ్ళను పట్టుకోవడం వాళ్ళ చట్టం, దాన్ని నేను తప్పు పట్టను. కానీ బస్టాపులో ఇరవై రకాల మనుషులుంటే వాళ్ళ చూపు నేరుగా మా మీదికే వచ్చేది. తెల్లతోలువాళ్ళను దాటేవారు, టై కట్టుకున్నవాళ్ళను దాటేవారు. మా రంగు, మా రబ్బరు చెప్పులు, చేతిలో ప్లాస్టిక్ కవరు చూసి ఆగేవారు. కాకకు అన్ని కాగితాలూ ఉన్నాయి. అయినా ఆయన్ను ఆపని శుక్రవారం లేదు.

"అడుగుడు తప్పుగాదురా, వాని డ్యూటీ అది" అనేవాడు. "అందర్ని అడుగనీ, నేను గూడ చూపెడ్త. మన మొఖమే జూసి అడుగుడేంది?"

నన్ను కాపాడాలని ఆయన చేసిన ప్రయోగాలు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒకసారి ఎవరివో నల్లబూట్లు తెచ్చి తొడిగించాడు. చంకలో ఒక ఫైలు పెట్టాడు. అందులో కాగితాలేమీ లేవు, బరువు కోసం పాత క్యాలెండరు. "ఇగ నువ్వు ఆఫీసరు లెక్కున్నవ్, పో" అన్నాడు. బూట్లు రెండు సైజులు పెద్దవి. నా నడక చూసి గదిలో వాళ్ళు పడీపడీ నవ్వారు. కాక కాసేపు పరీక్షగా చూసి, "బూట్లు మారినయ్ గనీ మొఖం మారలె. ఇడువుండ్రి" అని తానే ఆ ఆఫీసరు ఉద్యోగం రద్దు చేశాడు.

చివరికి ఆయన నాకు ఇచ్చిన సలహా ఒక్కటే. "భయమైతె భయపడు, ఉరుకకు. ఉరికినోన్నే ముందుగాల పడ్తరు."

అప్పటికి నేను ఇంటికి పోయే దారి వెతుక్కున్నాను. మన రాయబార కార్యాలయం నుంచి ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్టు లేనివాణ్ణి ఇంటికి పంపే కాగితం, రావాలి. అది చేతికొస్తే నా కాళ్ళ మీద నేను విమానం ఎక్కుతాను. ఈలోపే దొరికితే జైలు, ఎన్నాళ్ళో తెలియదు. ఇంటి దగ్గర నేను ఫోన్లో తప్ప చూడని బిడ్డ మాటలు నేర్చుకుంటోంది. ఆ రోజుల్లో నాకు మరో ఆలోచన లేదు.

ఔట్‌పాస్ తయారైందని కబురొచ్చిన వారమే అది జరిగింది. కాకా నేనూ బస్టాపులో నిలబడ్డాం. ఇద్దరు పోలీసులు వచ్చారు. వరుసలో ముందున్న నలుగురైదుగుర్ని వదిలేసి సరిగ్గా మా ఎదుట ఆగి చెయ్యి చాపారు. కాక ఒక అడుగు ముందుకేసి నాకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏక్ మినట్ సాబ్, ఏక్ మినట్" అంటూ జేబులోంచి రుమాలు తీశాడు. రుమాల్లో ఒక కవరు, కవరులో ఇంకో కవరు. ముందుగా ఎల్లమ్మ ఫోటో బయటికొచ్చింది, దాన్ని కళ్ళకద్దుకున్నాడు. తర్వాత మందుల చీటీ. తర్వాత ఎవరి పెండ్లి పత్రికో. పోలీసులు అరవడం మొదలుపెట్టారు. చుట్టూ జనం మూగారు. కాక చెయ్యి వెనక్కి వచ్చి నన్ను మెల్లగా నెట్టింది. నేను నడిచాను. పరుగెత్తలేదు. సందు మలుపు తిరిగేదాకా నా వీపు మీద ఎవరి చెయ్యి పడుతుందోనని ప్రతి అడుగూ లెక్కగా వేశాను.

నేను క్షేమంగా ఇల్లు చేరాను. బిడ్డ నన్ను చూసి ఎవరో అనుకుని ఏడుస్తూ వాళ్ళమ్మ వెనక దాక్కుంటే ఇంట్లో అందరూ నవ్వారు. ఆ ఏడుపూ ఆ నవ్వూ నాకు దక్కాయంటే అది కాక పుణ్యమే.

ఆయన కథ నాకు తర్వాత గాని తెలియలేదు. పోలీసులతో ఆటలాడాడని ఆయన్ను బండెక్కించుకుపోయారట. పతాక ఉన్నా సరే, కంపెనీ మనిషి వచ్చి విడిపించేదాకా లోపలే ఉంచారట. కంపెనీకి కోపమొచ్చి ఒప్పందం పూర్తికాకుండానే ఇంటికి పంపేసింది. కోరుట్ల బస్టాండులో కలిసినప్పుడు అడిగితే తేలిగ్గా కొట్టిపారేశాడు. నేను వదలలేదు. "ఎందుకు చేసినవ్ కాకా?" అన్నాను.

"నాకు కార్డుండె. నీకు లేకుండె. గంతే" అన్నాడు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ గల్ఫ్ వెళ్ళలేదు. వరి, పసుపు పండించుకుంటూ ఊర్లోనే ఉన్నాడు. నా బిడ్డకు తాత అయ్యాడు. ఆమె ప్రతి పుట్టినరోజుకూ పసుపుకొమ్ములు తెచ్చేవాడు, చాక్లెట్లు తేవాలని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు.

కిందటి వానాకాలం ఆయన్ను చూడటానికి వెళ్ళాను. మా వైపు ఇప్పుడు నాట్లకు బెంగాల్ నుంచి గుంపులు వస్తున్నాయి. కాక పొలంలోనూ వాళ్ళే వేస్తున్నారు. కాక కూడా పంచె ఎగగట్టి వాళ్ళకు నారుకట్టలు అందిస్తూ, వాళ్ళ భాషలోనే ఏదో అని నవ్విస్తున్నాడు. గల్ఫ్‌లో నాకంటే ముందు తన గదిలో ఉన్న బంగ్లాదేశ్ వాళ్ళ దగ్గర నేర్చిన భాష అది.

ఇద్దరు కానిస్టేబుళ్ళు బండి మీద వచ్చారు. బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూడమని పైనుంచి చెప్పారట. నాటు వేసేవాళ్ళందర్నీ గట్టు మీద వరుసగా నిలబెట్టి ఆధార్ కార్డులు అడిగారు. అందరి దగ్గరా ఉన్నాయి. అయినా, "దొంగకార్డులు గూడ ఉంటయ్, ఠాణాకు నడువుండ్రి, అక్కడ చూస్తం" అన్నారు. ఆ మనుషుల ముఖాల్లో నవ్వు ఆరిపోయింది. ఆ భయం నాకు తెలుసు.

కాక వెళ్ళి ఆ వరుస చివర నిలబడ్డాడు.

"నువ్వెందుకు పెద్దమనిషీ, నువ్వు పో" అన్నాడు ఇద్దరిలో చిన్నవాడైన కానిస్టేబులు.

"నన్నెందుకు ఇడుస్తున్నవ్ సారూ?" కాక గొంతులో కోపం లేదు. "బంగ్లాదేశోల్లతోని ఒక్క రూంల ఉన్నది నేను. గా భాష మాట్లాడేది నేను. వీళ్ళందరికి కార్డులున్నయ్. లేనిది నా ఒక్కనికే, ఇంట్ల మర్శిపోయిన. మరి నేను ఈడోన్నని ఎట్ల గుర్తువట్టినవ్?"

ఆ రోజు ఎవర్నీ ఠాణాకు తీసుకుపోలేదు. కార్డులు గట్టు మీదే తిరిగిచ్చారు, మధ్యాహ్నానికి ఆ మడి నాటు పూర్తయింది. కానీ కాక అనగానే నా కళ్ళముందుకు వచ్చేది దానికి ముందటి క్షణం. చిన్న కానిస్టేబులు మొదటి మనిషి దగ్గరికి తిరిగివెళ్ళి, ఒక్కొక్కరి కార్డూ మళ్ళీ చూస్తూ వరుస చివరిదాకా వచ్చి, మిగతావాళ్ళను అడిగినట్టే కాకను కూడా అడిగాడు.

"నీ కార్డేది?"

"లేదు సారూ" అని కాక సంబరంగా రెండు చేతులూ చాపాడు. మోచేతుల దాకా బురద.