కారుకు పోసిన కొబ్బరినీళ్లు

స్టీరింగు మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం.

దసరా రోజు తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంటు పార్కింగులో కారు ఇంజనాయిలు మారుస్తున్నాను. పక్క కారు ముందు ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఆ వాసనకు మాదాపూర్‌లోని మా పాత వాకిలి గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. దసరా పూజయ్యాక, మెకానిక్ యాదగిరి కొత్తగా పోసిన ఆయిలు చూద్దామని నాన్న మూత తీశాడు. ఆయన అటు తిరగగానే, కారుకూ ప్రసాదం అందాలని అందులో కొబ్బరినీళ్లు పోశాను. మర్నాటికి ఆయిలు చాయ్ రంగుకు తిరిగింది, ఇంజను ఆగిపోయింది.

“ఏం కల్తీ నూనె పోసినవ్‌ర యాదగిరీ?”

“నా బిడ్డ మీద ఒట్టన్నా, మంచిదే పోసిన!”

“ఇగ మా ఇంటికి రాకు, పో!”

నేను అడ్డుపడి, “నేనే నీళ్లు పోసిన నాన్నా” అని ఒప్పుకున్నాను. నాన్న యాదగిరి చేతులు పట్టుకున్నాడు.

ఆ ఒప్పుకోవడం ఒక్కటే నా కల్పన. నిజానికి నేను తలుపు చాటు నుంచి కదల్లేదు. యాదగిరి పానాల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

నా కారుకు ఆయిలు నేనే పోసుకునేది అందుకే. మెకానిక్ మొహం చూడాలంటే సిగ్గు.